కనగానపల్లి అత్త

మొన్న కౌంటరు కిటికీలోంచి ఒకావిడ చెయ్యి పెట్టి, "ధర్మవరానికి ఒకటియ్యమ్మా" అంది. అలవాటుకొద్దీ రిటర్ను కూడా కావాలా అని అడిగాను. "వద్దులే, ఎప్పుడొస్తానో ఏమో" అని టికెట్ తీసుకుని వెళ్లిపోయింది. చూస్తే ఎవరో కొత్త మనిషి, ముఖంలో కూడా ఏ పోలికా లేదు. అయినా నా చెయ్యి మిషను మీద అట్లాగే ఆగిపోయింది. వెనక నిలబడిన పెద్దమనిషి "హిందూపురం, హిందూపురం" అని గొంతు పెంచేదాకా నేను ఈ లోకంలోకి రాలేదు.

పెనుకొండ స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం నాది. ఇటు హిందూపురం, అటు ధర్మవరం, మధ్యలో నేను. ఎప్పుడొస్తానో తెలియదనే ఆ మాట నాతో మొదట అన్న మనిషిని కూడా ఈ కిటికీలోంచే చూశాను. ఎర్రంచు నేత చీర, భుజానికి పసుప్పచ్చ గుడ్డసంచి, గోరింటాకు పెట్టి ఎర్రబరిచిన జుట్టు. రిటర్ను కావాలా అంటే, "నేనేమన్నా పెండ్లికి పోతాండానా పాపా, ఎప్పుడొచ్చేదీ ముందే చెప్పనీకి? ఆడ ఆయప్ప ఎప్పుడు పోతే నేనప్పుడొస్తా" అంది. నేను మిషను వదిలి తలెత్తి చూశాను. ఆమె మాత్రం నింపాదిగా టికెట్ రవికెలో దోపుకుని, కిటికీ పక్క సీటు దొరకాలంటే ఏ పెట్టె ఎక్కాలో నన్నే అడిగి మరీ వెళ్లింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరుతో పిలిచినవాళ్లే తక్కువ. పెనుకొండలో దర్గా వైపు ఇళ్లల్లో ఆపా. హిందూపురంలో అక్క. నాకు అత్త. మా అన్నకు మాత్రం చాలాకాలం ఆమె వట్టి 'ఆయమ్మ'.

ఆమె చేసే పనికి మా వైపు పేరు లేదు. ఆసుపత్రివాళ్లు ఇంక ఇంటికి పిల్చుకుపొండి అని చెప్పాక ఒక ఇల్లు ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. మంచం మీద ఒక మనిషి, చుట్టూ ఏం చేయాలో తెలియని జనం. ఒకరు కొబ్బరినీళ్లు పట్టమంటారు, ఇంకొకరు గొంతుకు అడ్డం పడతాయంటారు, మూలన ఒకరు అప్పుడే ఏడుపు మొదలుపెడతారు. ఎవరో చెప్పి పంపితే అట్లాంటి ఇంటికి ఆమె వచ్చేది. నర్సు కాదు, మందూ మాకూ ఇవ్వదు. పెదవులు తడపడం, పక్క మార్చడం, వీపు తుడవడం, దగ్గర కూర్చోవడం, అంతే. వాటన్నిటికన్నా ముందు మంచం మీది మనిషిని ఒకటే మాట అడిగేది. "నీకేం కావాల?"

ఇంటివాళ్లు మధ్యలో దూరి జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపేది. "పోయినాక అంతా మీ ఇష్టమప్పా, మీ ఆచారం. పోయేదాకా మాత్రం ఈయప్ప ఇష్టం" అనేది. ఇన్ని ఇళ్లల్లో ఇంతమందిని ఆ మాట అడిగిన మనిషి, తనకేం కావాలో ఒక్కరికీ చెప్పకుండానే పోతుందేమోనని చివర్లో నాకు పెద్ద భయం పట్టుకుంది. ఇదంతా రాస్తున్నది ఆ భయాన్ని తలచుకునే.

ఏ ఇంటికి పోయినా గడప దగ్గర నిలబడి ముందు మంచినీళ్లడిగేది. తాగితే గానీ మంచం దగ్గరికి వెళ్లేది కాదు. ఆ ఇంటి నీళ్లు కడుపులో పడకుండా ఆ ఇంటి మనిషిని ఎట్లా ముట్టుకోవాలి అనేది. మంచాన పడిన మా నాయన కోసం ధర్మవరంలో మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు వదిన చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె గటగటా తాగుతుంటే మా అన్న నన్ను పక్కకు పిలిచి, "ఆయమ్మ ఏమోళ్లంట?" అని గుసగుసగా అడిగాడు. ఆమె చెవులు పాము చెవులు. చెంబు కింద పెట్టి మూతి తుడుచుకుంటూ, "తాగకముందు అడగాల్సిండె అప్పా. ఇప్పుడడిగి ఏం లాభం, లోపలికి పోయినాయి" అంది. వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. అన్న ముఖం చూడాల్సింది.

అబద్ధాలు కూడా బాగా ఆడేది. మీదే ఊరమ్మా అని అడిగితే, ఆ ఇంటి పెద్దవాళ్ల సొంతూరేదో ముందే వాకబు చేసుకుని దాని పక్క ఊరు చెప్పేది. ఒకింట్లో ఆమెది కదిరి పక్క. ఇంకో ఇంట్లో బత్తలపల్లి పక్క. మా నాయన పుట్టింది కనగానపల్లి వైపని రైల్లో నేనే చెప్పాను. ఇంక చూడండి, నాయన మంచం దగ్గర కూర్చోగానే, "నాదీ కనగానపల్లే పెద్దాయనా, మీ చేను గట్టున నడిచిందాన్నే" అని మొదలుపెట్టింది. బయటికొచ్చాక ఇదేంటత్తా అని నిలదీశాను. "మన పక్కూరి మనిషి ఉండాదంటే గుండె కుదురుకుంటాది పాపా. పోయే మనిషికి పరాయోళ్ల ముఖం ఏంటికి చూపీల?" అంది. అసలు నీదే ఊరు అంటే మాత్రం మాట మార్చేసేది.

ఇంకొకటి ఉంది, ఆమె గురక. కూర్చున్నచోటే గోడకు చేరబడి నిద్రపోయేది, ఇల్లు అదిరిపోయేటట్టు గురక పెట్టేది. సాగనంపడానికి వచ్చిన మనిషి ఇట్లా మొద్దునిద్ర పోతుందేంటని ఇంటివాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. మంచం మీదివాళ్లు మాత్రం ఒక్కరూ విసుక్కున్నట్టు నేను వినలేదు. "పక్కనుండే మనిషి హాయిగా నిద్రపోతాందంటే ఇంగా ఏమీ ముంచుకోరాలేదని ధైర్యం వాళ్లకు" అని సమర్థించుకునేది. నిజమో, నిద్రకు సాకో నాకు తెలియదు.

మా నాయన దగ్గరికి ఆమెను బతిమాలి పిల్చుకుపోయింది నేనే. నాయన జీవితమంతా గుంత మగ్గంలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసినవాడు. చేతకాకపోయాక ఆ మగ్గంలోకి అన్న దిగాడు. ఇంటి నడుమ మగ్గం, దానికి ఎదురుగా నాయన మంచం. అప్పటికే కళ్లకు పొరలు కమ్మాయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చేది. ఇంట్లోనే కష్టం లేకుండా చూసుకోండని అనంతపురంలో డాక్టరు చెప్పి పంపాడు.

"నీకేం కావాల పెద్దాయనా?" అని ఆమె అడిగింది. నాయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆమె కాసేపు చూసింది. తర్వాత చాలా ఇళ్లల్లో చేసినట్టే చేసింది. టీవీ కట్టేయించింది. మిక్సీ తిప్పొద్దంది. వచ్చేపోయేవాళ్లను అరుగు మీదే కూర్చోమంది. చివరికి అన్న వైపు తిరిగి, "ఆ మగ్గం కూడా నిలపప్పా. చెవులు చిల్లులు పడతాండాయి, పెద్దాయన ఎట్లా కన్ను మూయాల?" అంది. అన్న నా ముఖం చూశాడు. గుంతలోంచి పైకొచ్చి గోడకు ఆనుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో మగ్గం ఊరికే ఆగదు. పండగనాడు ఆగుతుంది, అది అందరికీ తెలిసిందే. మామూలు రోజు ఎండ వేళ మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. మైల తీరేదాకా మళ్లీ ముట్టరు. ఎక్కడైనా సద్దు ఆగితే చాలు, చుట్టుపక్కలవాళ్లు చేతిలో పని వదిలేసి వచ్చి గడపలో నిలబడతారు. ఎవరు పోయినారు అని అడుగుతారు. ఇది మాకెంత మామూలంటే, బయటినుంచి వచ్చిన మనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు కూడా వచ్చారు, వదిన అరుగు మీదే సర్దిచెప్పి పంపేసింది. మగ్గం ఆగినప్పటినుంచి నాయనకు నెమ్మది లేకుండా పోయింది. తల అటూ ఇటూ తిప్పుతాడు. బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోతాడు. నీళ్లు పడితే పెదవులు బిగించేస్తాడు. ఆమె తనకు తెలిసినవన్నీ చేసింది. పాదాలు రుద్దింది, దిండు మార్చింది, విసనకర్రతో విసిరింది, కనగానపల్లి చేల గురించి లేనిపోని కథలన్నీ చెప్పింది. డాక్టరుకు ఫోన్ చేయించి నిద్రమందు కూడా వేయించింది. దేనికీ లొంగలేదు. నాయన చెంపల మీద కన్నీళ్లు కారుతుంటే చూడలేక వదిన లోపలికి వెళ్లిపోయింది.

ఆ మరుసటి రోజు పొద్దెక్కాక నాయన నా మణికట్టు పట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అడిగాడు. "ఎవురు... పోయినారు?"

"ఎవురూ పోలేదు నాయనా" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. మగ్గం గుంత వైపు చూడబోయాడు. "నా కొడుకు. నా కొడుకు పోయినాడు. నాకు చెప్పల్యా మీరు."

అన్న గోడ దగ్గర నిలబడే ఉన్నాడు. ఒక్క అంగలో వచ్చి నాయన చెయ్యి పట్టుకుని "నాయనా, నేనీడే ఉండా" అన్నాడు. ఏడుపులో మాట ఏదోలా వచ్చింది. వాళ్లిద్దరికీ మొదటినుంచీ మాటలు తక్కువ. అన్న ఏడుపు గొంతును నాయన ఎప్పుడో అన్న చిన్నతనంలో విని ఉంటాడు, గుర్తుపట్టలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, "ఎవురప్పా నువ్వు?" అన్నాడు. అన్న అట్లాగే మంచం పక్కన కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి అట్లా కూలబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ఆమె నన్ను చూసి, "మగ్గం నిలిస్తే ఏమర్థం పాపా మీకు?" అని అడిగింది. చెప్పాను. వినగానే నుదురు టపటపా కొట్టుకుంది. "నా నోట్లో మన్ను బడ. బతికుండే కొడుకును తండ్రికి సచ్చినోణ్ణి జేస్తినే. లెయ్యప్పా, పోయి మగ్గంలో కూకో" అని అన్నను జబ్బ పట్టి లేపింది.

అన్న గుంతలోకి దిగి నేత మొదలుపెట్టాడు. నాయన కొంతసేపు ఊపిరి కూడా బిగబట్టి విన్నాడు. తర్వాత బిగించిన దవడ వదులైంది. బాగున్న చేతి వేళ్లు ఆమె అరచేతిలో మగ్గం సద్దుకు సరిగ్గా తాళం వేయసాగాయి. ఆమె ఇచ్చిన నీళ్లు నోరు తెరిచి తాగాడు. ఉన్నట్టుండి వేళ్లు ఆగాయి, కనుబొమలు ముడిపడ్డాయి.

"పోగు తెగింది" అన్నాడు.

"అవు నాయనా, తెగింది. అతుకుతాండా" అన్నాడు అన్న గుంతలోంచి.

"ఊ" అన్నాడు నాయన. వాళ్లిద్దరి మధ్య అంతకన్నా మంచి మాట జరగగా నేను వినలేదు.

ఆ సద్దులోనే కొన్ని రోజులకు నాయన వెళ్లిపోయాడు. అన్న మగ్గం ఆపాడు. వీధిలోవాళ్లంతా వచ్చి గడపలో నిలబడ్డారు.

ఆ తప్పును ఆమె దాచుకోలేదు. ఏ ఇంటికి పోయినా ముందు దాన్నే కథగా చెప్పేది, చెబుతూ తనే పడీపడీ నవ్వేది. అప్పటినుంచి 'నీకేం కావాల' తర్వాత ఇంటివాళ్లను ఇంకో మాట అడగడం మొదలుపెట్టింది. "ఈ ఇంట్లో దినామూ ఉండే సద్దేది?" పెనుకొండలో ఒక ముసలావిడకు బాగలేనప్పుడు, గోల చేస్తున్నాయని పెరట్లో కోళ్లను చుట్టాలింటికి పంపేశారట. ఈమె వెళ్లి మళ్లీ తెప్పించింది. కొడుకులు తలవైపు కూర్చుని ఖురాన్‌లోని యాసీన్ చదువుతుంటే, ఈమె మక్కానుంచి తెచ్చిన జంజం నీళ్లలో దూది ముంచి పెదవులకు అద్దేది. వాళ్లు మొహమాటపడి నువ్వు కూడా ఏదైనా చదువు ఆపా అంటే, "దువా మీరు చేయండి నాయనా, దూది నాకిడవండి" అందట.

హిందూపురంలో ఇంకొకావిడ ఉండేది. మడకశిర అవతలినుంచి ఎప్పుడో కోడలిగా వచ్చిన మనిషి. ఆఖర్లో తెలుగంతా మరిచిపోయి కన్నడం ఒకటే మిగిలింది. కోడళ్లకేమో కన్నడం రాదు. ఈమె ఆ మంచం పక్కన చేరి టీవీ సీరియల్ కథ కన్నడంలో చెప్పేది. సీరియల్ సగం, సొంత కల్పన సగం. మంచి పట్టులో ఆపి "నాళె హేళ్తీని" అని, అంటే రేపు చెబుతానని, లేచేది. రేపటి కథ కోసం ఆ ముసలావిడ ఇంకాసిన్ని గంజి తాగేదట. కోడళ్లు కూడా వచ్చి, అర్థం కాకపోయినా, గుమ్మంలో కూర్చుని వినేవాళ్లట.

ఆచారాలతో ఆమె ఎప్పుడూ పోట్లాడలేదు. ఒకింట్లో నక్షత్రం బాగలేదు, ప్రాణం లోపల పోతే ఇల్లు విడిచిపెట్టాల్సి వస్తుందని, ముసలాయన్ను బయట పందిట్లోకి మార్చాలనుకున్నారు. పట్నంనుంచి వచ్చిన మనవరాలు ఇదేం అన్యాయమని గొడవ పెట్టుకుంది. అత్త ఇద్దరినీ గమ్మునుండమని ముసలాయన్నే అడిగింది. ఆయన సంబరంగా ఒప్పుకున్నాడు. ఎన్నాళ్లనుంచో ఆ చీకటి గదిలో పడి ఉన్నాడు, పందిట్లో అయితే దారిన పోయేవాళ్లు కనిపిస్తారని. "చూస్తిరా, అడిగితే అయిపోయె" అని ఆమె మంచానికి ఒక కోడు పట్టింది.

బెంగళూరునుంచి ఒకమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది ఒకసారి. ఈ పనిని బయటి దేశాల్లో డౌలా అంటారనీ, దానికి కోర్సు ఉందనీ, సర్టిఫికెట్ ఇస్తారనీ ప్లాట్‌ఫారం మీద కూర్చుని వివరంగా చెప్పింది. అత్త బజ్జీలు తింటూ అంతా శ్రద్ధగా వింది. "మంచి మాటే పాపా. కానీ నా పని బాగుండాదా లేదా అని ఎవురు సంతకం పెడతారు? పోయినోళ్లు లేచొచ్చి పెడతారా?" అంది. ఆ పిల్ల నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. వెళ్లేముందు ఆమెకు ఒక మెత్తటి దుప్పటి ఇచ్చి వెళ్లింది. ఆ దుప్పటిని అత్త ఏ రోగి మీదా కప్పలేదు, అది తనకోసమే దాచుకుంది. ఆమాత్రం స్వార్థం ఉండేది.

నాయన పోయినప్పటినుంచి కౌంటరు దగ్గర ఆమె పలకరింపు మారిపోయింది. టికెట్ అడగక ముందే, "మీ మగ్గం ఆడతాండాదా పాపా?" అనేది. ఆడతాండాది అత్తా అనేదాన్ని. అదే మా ఇద్దరికీ క్షేమసమాచారం.

తర్వాత కొన్నాళ్లు ఆమె కిటికీ దగ్గరికి రాలేదు. ఏదో ఇంట్లో ఇరుక్కుని ఉంటుందిలే అనుకున్నాను. స్టేషను బయట టీ అమ్మే ఆయన చెప్పాడు, కాలేయం చెడిందట, డాక్టర్లు ఇంటికి పంపేశారట అని. డ్యూటీ దిగగానే పరిగెత్తాను. ఊరి చివర అద్దెకున్న ఒకే ఒక్క గది. మంచం మీద బెంగళూరు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. జుట్టుకు గోరింటాకు పెట్టేవాళ్లు లేక మొదళ్లన్నీ తెల్లగా బయటపడ్డాయి. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు.

అప్పటికే పక్కింటి ఆపా జంజం నీళ్ల సీసాతో కూర్చుని ఉంది. హిందూపురంనుంచి ఒక పాస్టరమ్మ వచ్చింది, ఆమె తల్లిని అత్తే సాగనంపింది. తులసి నీళ్లు నేను తీసుకెళ్లాను. ముగ్గురం ఒకరి చేతిలోవి ఒకరం చూసుకున్నాం. ఈ మనిషి ఎవరి మనిషి? పక్కింటి ఆపా, "మాకు కదిరి అని చెప్పింది" అంది. పాస్టరమ్మ, "లేదమ్మా, బత్తలపల్లి అని మా అమ్మకు చెప్పింది" అంది. నేను కనగానపల్లి అన్నాను. అంత బాధలోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక భయం వేసింది. ఇన్ని అబద్ధాలాడి చివరికి తనకెవరూ లేకుండా చేసుకుందే అనిపించింది. తలాపున ఏ నీళ్లు పెట్టాలి, ఏ ప్రార్థన చేయాలి అని ముగ్గురం గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నాం. అచ్చం ఆమె ఎప్పుడూ చెయ్యెత్తి ఆపే ఇంటివాళ్ల మాదిరే.

నేను లేచి మంచం పట్టె మీద కూర్చుని, ఆమె మాటే ఆమెను అడిగాను. "నీకేం కావాలత్తా?"

కళ్లు తెరిచి నన్ను చూసింది. ఠపీమని ఏదో ఒకటి అంటుందనుకున్నాను. "తెల్దు పాపా" అంది. ఆ గొంతులో అంత బెరుకు నేను ఎప్పుడూ వినలేదు. "అందర్నీ అడిగినా గానీ, నాకు నేను అడుక్కోల్యా."

ఆమె గోడల వైపు, కప్పు వైపు చూసింది. "ఈడ ఏం సద్దే లేదు కదా" అంది. ఇంకాసేపటికి, "మీ మగ్గం ఆడతాండాదా?" అంది.

"ఆడతాండాది అత్తా" అన్నాను అలవాటుగా. అన్నాక అర్థమైంది, ఈసారి అది క్షేమసమాచారం కాదని.

బయటికొచ్చి అన్నకు ఫోన్ చేసి, అత్తను మనింటికి పిల్చుకొస్తానని చెప్పాను. విన్నాడు. వెనక మగ్గం సద్దు లేదు, నా మాట వినడానికి చెయ్యి ఆపినట్టున్నాడు. "మనింట్లోనే పోతే ఎట్లమే? ఊరూ పేరూ తెల్దు. మైల పట్టేది చుట్టాలకు. ఆయమ్మకు మనమేమైతాం? వీధిలో అడిగితే ఏమని చెప్పాల?" అన్నాడు. తప్పు మాట కాదు. ఆ వీధిలో బతకాల్సింది ఆయన.

అంతలో వదిన ఫోన్ లాక్కున్నట్టుంది. "పిల్చుకోని రా. మామ నోట్లో కడాకు నీళ్లు పోసింది ఆయమ్మ. ఇంగ చుట్టరికం ఏంటికి?" అంది. మళ్లీ అన్న గొంతు వినిపించింది. "సరే గానీ, ఒక మాట ముందే చెప్పు ఆయమ్మకు. ఈసారి మగ్గం నిలపమంటే నేను వినను." ఆ మాట లోపలికెళ్లి చెబితే అత్త కళ్లు మూసుకునే నవ్వింది.

వ్యాన్ మాట్లాడి పడుకోబెట్టి తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. పాస్టరమ్మ, నేను చెరో పక్క పట్టుకుంటే రైల్లో కిటికీ పక్కనే కూర్చుని వచ్చింది. మా గడప దగ్గర ఆగి నీళ్లడిగింది. వదిన చెంబు తెచ్చింది. ఒక్క గుక్క కూడా దిగలేదు, పెదవులు తడిశాయి. "తాగినా" అంది. నాయన మంచం ఉన్నచోటే ఆమెకు మంచం వేశాం. అన్న నేరుగా గుంతలోకి దిగి నేత మొదలుపెట్టాడు.

మా ఇంట్లో ఉన్న ఆ కొద్ది రోజులూ ఆమె ఎక్కువగా నిద్రపోయింది. గురక మాత్రం తగ్గలేదు. మగ్గం సద్దును మించి వినపడుతుంటే వదిన కండెలకు పట్టుదారం చుట్టుకుంటూ నవ్వుకునేది. మెలకువ వచ్చినప్పుడు ఒకసారి అన్నను పిలిచింది. "నేను పోయినాక మగ్గం నిలపొద్దప్పా. నీ పని చెడగూడదు. నేను మీకేమైతాను? ఆ పక్కింటి ఆపాకు ఫోన్ చేస్తే అందరూ కలిసి ఎట్లనో ఒకట్ల చేస్తారు. పోయినాక మీ ఇష్టం" అంది. అన్న తెగిన పోగు ఏదో అతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగాడు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. వదిన కండెలు చుడుతోంది, నేను ఆమె పెదవులకు దూది అద్దుతున్నాను. మగ్గం ఆడుతోంది. దూది తడి పెదవుల మీద అట్లాగే నిలిచింది, లోపలికి పోలేదు. నేను వదిన వైపు చూశాను. ఇద్దరం నోరు విప్పలేదు. అన్న మాకు వీపు పెట్టి ఉన్నాడు, ఆయనకు కనపడదు. నిలపొద్దని ఆమె చెప్పిన మాట మా ఇద్దరికీ గుర్తుంది.

పోగు మోసుకుపోయే నాడె ఇటునుంచి అటు పోయి, మళ్లీ రాలేదు. అన్న వెనక్కి తిరగకుండానే, "గురక వినపడల్యా" అన్నాడు. గుంతలోంచి పైకొచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడ్డాడు. దుప్పటి అంచు సరిచేశాడు.

మగ్గం ఆగింది కదా, వీధిలోవాళ్లు వచ్చేశారు. ఎదురింటి పెద్దాయన భుజం మీద తువ్వాలుతో గడపలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. "ఎవురప్పా పోయింది? మీ ఇంట్లో ముసలోళ్లెవురూ లేరే?"

అన్న తన నడుముకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మా అత్త" అన్నాడు. "కనగానపల్లి అత్త."